విశాఖలో ప్లేస్టేషన్ 5: కొనేవాళ్లూ వాడేవాళ్లూ తరచుగా అడిగే ప్రశ్నలు

పీఎస్5 అంటే ప్లేస్టేషన్ 5, టీవీకి కలిపి ఆడుకునే సోనీ గేము కన్సోల్. దాని గురించి ఎక్కడ చూసినా గ్రాఫిక్సు, ఫ్రేమ్‌ రేటు, కొత్త గేముల గొడవే. కానీ మన ఊళ్లో ఏప్రిల్లో ఉరుములు, మేలో ఉక్కపోత, అక్టోబరు వస్తే తుఫాను హెచ్చరికలు. బాల్కనీ తలుపు తీస్తే ఉప్పుగాలి. ఇలాంటి చోట ఆ కన్సోల్ ఎన్నేళ్లు బతుకుతుందన్నది వేరే లెక్క. కింది ప్రశ్నల్లో సగం దాని గురించే.

ఇది కంప్యూటరా, వీడియో గేమా? లోపల ఏముంటుంది?

లోపల ఉన్నది కంప్యూటరే. ఏఎండీ చేసిన 8 కోర్ల జెన్ 2 ప్రాసెసరు, 10.28 టెరాఫ్లాపుల (సెకనుకి పది లక్షల కోట్లకి పైగా లెక్కలు చేసే) గ్రాఫిక్సు ఒకే చిప్పులో ఉంటాయి. వాటికి తోడు 16 జీబీ మెమరీ, చాలా వేగంగా చదివే ఎస్ఎస్‌డీ (గేములు దాచే చిప్పుల స్టోరేజీ). తేడా ఎక్కడంటే, మీ కన్సోల్‌లో ఏముందో గేము తయారుచేసేవాళ్లకి ముందే తెలుసు. గ్రాఫిక్సు కార్డు సరిపోతుందా, డ్రైవరు అప్‌డేట్ అయిందా అన్న తంటా ఉండదు. ఆ సుఖానికి బదులు, మీరు పెంచుకోగలిగింది స్టోరేజీ ఒక్కటే. ప్రాసెసరూ మెమరీ మదర్‌బోర్డుకి సోల్డరింగ్ అయిపోయి ఉంటాయి.

సోనీ దీన్ని 2020 నవంబరు 12న అమెరికా, జపాన్‌లలో విడుదల చేసింది. మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న అమ్మకానికి వచ్చింది. తర్వాత చిన్నదిగా చేసిన స్లిమ్ మోడల్ ఇక్కడికి 2024 ఏప్రిల్లో వచ్చింది.

పాత మోడల్ తీసుకోవాలా, స్లిమ్మా?

ఆటలో తేడా లేదు, ఒకే వేగం. డిస్కు ఉన్న పాతది 4.5 కిలోలు, స్లిమ్ 3.2 కిలోలు. పాతదాంట్లో 825 జీబీ అని రాసినా గేములకి మిగిలేది 667 జీబీ. స్లిమ్‌లో 1 టీబీ కాబట్టి ఇంకో రెండు పెద్ద గేములు అదనంగా పడతాయి. స్లిమ్‌లో డిస్కు డ్రైవు విడిగా ఊడి వస్తుంది, పాడైతే అదొక్కటి మార్చుకోవచ్చు. ఇది నిజమైన లాభం.

రెండు చిన్న చికాకులు. స్లిమ్‌ని నిలబెట్టే స్టాండు డబ్బాలో రాదు, విడిగా కొనాలి. పడుకోబెట్టడానికి రెండు ప్లాస్టిక్ కాళ్లు మాత్రం ఇస్తారు. ఇక ముందువైపు రెండూ టైప్-సీ పోర్టులే, మామూలు పెన్‌డ్రైవు పెట్టాలంటే వెనక్కి వెళ్లాలి.

డిస్కు ఎడిషనా, డిజిటలా?

డిస్కు. డిజిటల్ ఎడిషన్‌కి డిస్కు డ్రైవు ఉండదు, గేములన్నీ ఇంటర్నెట్‌లోనే కొనాలి. డిస్కు ఉంటే గేము అయిపోయాక డిస్కుని ద్వారకానగర్‌లోనో డాబాగార్డెన్స్‌లోనో అమ్మేయొచ్చు, స్నేహితుడితో మార్చుకోవచ్చు. డిజిటల్‌గా కొన్నది మీ అకౌంటులోనే ఉండిపోతుంది. ఏడాదికి నాలుగైదు గేములు కొనేవాళ్లకి రెండు ఎడిషన్ల ధరలో తేడా తొందరగానే తిరిగొస్తుంది.

ఒక అపోహ: డిస్కు పెడితే డౌన్‌లోడ్ అక్కర్లేదనుకుంటారు. డిస్కులోది ఎస్ఎస్‌డీలోకి ఎక్కాల్సిందే, ఆ తర్వాత అప్‌డేట్లూ దిగాలి. డిస్కు తాళంచెవి లాంటిది, ఆడినప్పుడల్లా లోపల ఉండాలి. పీఎస్4 డిస్కులు దాదాపు అన్నీ నడుస్తాయి. పీఎస్3, పీఎస్2 డిస్కులు నడవవు. స్లిమ్ డిజిటల్ కొన్నవాళ్లు తర్వాత డ్రైవు కొని తగిలించుకోవచ్చు, మొదటిసారి జత కలిపేటప్పుడు మాత్రం ఇంటర్నెట్ ఉండాలి.

మా పిన్ని అమెరికా నుంచి తెస్తానంటోంది. ఇక్కడ పనిచేస్తుందా?

పనిచేస్తుంది. పవర్ సప్లై 100 నుంచి 240 వోల్టుల వరకు తీసుకుంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. వైరు మాత్రం మార్చాలి. రేడియోలకి, టేప్‌రికార్డర్లకి వచ్చే 8 ఆకారపు రెండు రంధ్రాల వైరు, ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది. గేములకి ప్రాంతపు తాళం లేదు. చిక్కల్లా వారంటీ దగ్గర. అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ నడవదు.

దుబాయ్ నుంచి డిస్కులు తెప్పించుకునేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. గేము ఆడుతుంది గానీ, దానికి తర్వాత కొనే అదనపు భాగాలు డిస్కు ఏ ప్రాంతానిదో ఆ ప్రాంతపు అకౌంటు నుంచే కొనాలి. ఇండియా అకౌంటులో కొన్నది ఆ డిస్కుకి అతకకపోవచ్చు.

ఎక్స్‌బాక్స్, నింటెండో సంగతేంటి?

తక్కువ ఖర్చులో, డిస్కుల గోల లేకుండా, నెలసరి చందాతో ఆడుకుంటామంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ చూడొచ్చు. స్విచ్ అనే తన కన్సోల్‌ని నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మదు, దొరికేవన్నీ దిగుమతి సరుకే. చిన్నపిల్లలున్న ఇంటికి అదే బాగుంటుంది, కానీ రిపేరు వస్తే మీ అదృష్టం.

ఎలాంటి టీవీ ఉండాలి?

హెచ్‌డీఎంఐ ఉన్న ఏ టీవీ అయినా ఫర్వాలేదు. 43 అంగుళాల 4కే, 60 హెర్ట్జ్ (సెకనుకి 60 బొమ్మలు చూపే) టీవీ చాలామందికి సరిపోతుంది. 120 హెర్ట్జ్ కావాలంటే టీవీలో ఏ పోర్టు పక్కన ‘4కే 120’ అని రాసుందో దాన్లోనే పెట్టాలి, అన్ని పోర్టులూ ఒకటి కాదు. టీవీ సెట్టింగుల్లో ఆ పోర్టుకి ‘ఎన్‌హాన్స్‌డ్’ లాంటి పేరుతో ఒక ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేయకపోతే 4కే 120 రాదు. గేమ్ మోడ్ ఆన్ చేస్తే బటన్ నొక్కిన వెంటనే బొమ్మ కదులుతుంది. లేకపోతే టీవీ బొమ్మకి మెరుగులు దిద్దుతూ కూర్చుంటుంది.

కేబుల్ మాత్రం డబ్బాలో వచ్చిందే వాడండి. సెట్‌టాప్ బాక్సుతో వచ్చిన పాత కేబుల్ పెట్టి, తెర నల్లబడి మళ్లీ వస్తోందని గాభరాపడేవాళ్లు చాలామంది.

మా ఇల్లు లాసన్స్ బే దగ్గర. ఉప్పుగాలికి నిజంగా పాడవుతుందా?

అవుతుంది, కానీ జనం అనుకునే పద్ధతిలో కాదు. ఉప్పు నేరుగా చిప్పుని తినేయదు, ముందు దుమ్ముని మారుస్తుంది. హైదరాబాద్‌లో కన్సోల్ విప్పితే దుమ్ము పొడిగా ఎగిరిపోతుంది. బీచ్ రోడ్డు వైపు ఫ్లాటులోది విప్పి ఫ్యాను రెక్క మీద వేలితో రాస్తే బూడిదరంగు పేస్టులా వేలికి అంటుకుంటుంది. ఉప్పు గాల్లోని తేమని లాక్కుంటుంది కాబట్టి ఆ దుమ్ము ఎప్పటికీ ఆరదు. హీట్‌సింక్ (చిప్పు వేడిని లాగే లోహపు భాగం) రేకుల మధ్య జిగురులా పట్టేస్తుంది, గాలి ఆగుతుంది, ఫ్యాను మోత పెరుగుతుంది. వంటిల్లూ హాలూ కలిసిపోయిన ఫ్లాటయితే పోపు పొగ కూడా తోడవుతుంది. వన్‌టౌన్, పోర్టు చుట్టుపక్కల ఇళ్లలో ఇదే పేస్టు నల్లగా ఉంటుంది.

రెండో దెబ్బ లోహం మీద. కొన్నాళ్లు వాడకుండా వదిలేస్తే యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ పోర్టుల అంచుల్లో తెల్లటి పొడి, తర్వాత ఆకుపచ్చ చిలుము కనిపిస్తాయి. నడిచే కన్సోల్ వేడికి లోపలి తేమ ఆరుతుంది. అందుకే పరీక్షల పేరు చెప్పి నాలుగు నెలలు అటకెక్కించినదానికంటే రోజూ గంట ఆడేదే బాగుంటుంది. అటకెక్కించక తప్పకపోతే వారానికోసారి అరగంట నడపండి. లేదా సిలికా జెల్ పొట్లాలతో కలిపి గాలి చొరబడని సంచిలో పెట్టండి.

ఎక్కడ పెట్టాలి?

గోడకి కనీసం 10 సెంటీమీటర్ల దూరంలో, నాలుగు వైపులా గాలి ఆడేచోట. అద్దాల షోకేసులో పెట్టకండి. టీవీ మీద కప్పే లేసు గుడ్డ దీనిమీద కప్పకండి, కప్పినా ఆఫ్ చేసి చల్లారాక మాత్రమే. దేవుడి అరమర పక్కన పెడితే అగరుబత్తి బూడిద నేరుగా ఫ్యానులోకి పోతుంది. కిటికీ కింద అసలే వద్దు.

సోనీ చెప్పిన గది ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు. మే మధ్యాహ్నం మన మేడ మీది గది దాన్ని దాటేస్తుంది. ఆ వేళ ఏసీ లేకపోతే సాయంత్రం దాకా ఆగడమే మంచిది. ఏసీ గదిలో చల్లబడిన కన్సోల్‌ని వెంటనే ఉక్కపోతగా ఉన్న హాల్లోకి తెచ్చి ఆన్ చేయకండి, చల్లనీళ్ల గ్లాసుకి పట్టినట్టే లోపల నీటిచుక్కలు పడతాయి. ఓ గంటో రెండు గంటలో అలా వదిలేసి ఆన్ చేయండి.

బొద్దింకల సంగతి ఎవరూ చెప్పరు. వెచ్చటి, చీకటి పవర్ సప్లై వాటికి రాజభవనం. టీవీ యూనిట్ వెనక జెల్ మందు పెట్టండి. స్ప్రే మాత్రం కన్సోల్ దగ్గర కొట్టకండి, ఫ్యాను దాన్ని లోపలికి పీల్చేస్తుంది.

ఇంట్లో మనమే శుభ్రం చేసుకోవచ్చా? వారంటీ పోదా?

పక్క ప్లేట్లు తీస్తే వారంటీ పోదు, అవి వాడేవాళ్లు తీసుకోవడానికే చేసినవి. లోపలి స్క్రూలు విప్పి సీలు చింపితేనే పోతుంది. సముద్రం వైపు ఇళ్లలో రెండు మూడు నెలలకోసారి, మధురవాడ, గాజువాక లోపలి కాలనీల్లో ఆర్నెల్లకోసారి చేస్తే చాలు.

ముందు పూర్తిగా ఆఫ్ చేయండి, రెస్ట్ మోడ్ (నిద్రపుచ్చడం) కాదు. వైర్లన్నీ పీకి అరగంట ఆగండి. మెత్తటి తువ్వాలు పరిచి పడుకోబెట్టండి. పాత మోడల్ ప్లేటుకి ఒక మూల కొంచెం పైకెత్తి పక్కకి జరిపితే ఊడుతుంది. బలం పెట్టాల్సి వస్తోందంటే దిశ తప్పినట్టే. స్లిమ్‌లో జరిపే పని లేదు, అంచు పట్టుకుని పైకి లాగితే క్లిప్పులు టక్కుమని వదులుతాయి.

ఫ్యాను కనిపిస్తుంది. రెక్కని ఒక వేలితో కదలకుండా పట్టుకుని పెయింటు బ్రష్షులాంటి మెత్తటి బ్రష్షుతో దులపండి. వదిలేసి బ్లోయరు కొడితే రెక్క పిచ్చిగా తిరిగి బేరింగు దెబ్బతింటుంది. పాత మోడల్‌లో దుమ్ము చేరడానికే రెండు రంధ్రాలు ఇచ్చారు, వాటికి వాక్యూమ్ క్లీనర్ గొట్టం ఆనిస్తే చాలు. జిగట దుమ్ముకి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూది ఇయర్‌బడ్ వాడండి. తడిగుడ్డ, కొలిన్, శానిటైజర్ ఏవీ వద్దు, వాటిలో నీళ్లుంటాయి.

ఇంతకు మించి విప్పకండి. ప్రాసెసరుకీ హీట్‌సింక్‌కీ మధ్య ఇందులో మామూలు పేస్టు కాదు, ద్రవ లోహం ఉంటుంది. అది కరెంటుని ప్రవహింపజేస్తుంది, ఒక్క బొట్టు పక్కకి జారితే బోర్డు షార్టవుతుంది. ‘సర్వీసింగ్ చేసి కొత్త పేస్టు రాస్తాం’ అనే షాపుకి దండం పెట్టి వచ్చేయండి. నిలబెడితే ఆ లోహం జారుతుందేమోనన్న భయం అక్కర్లేదు, ఎప్పుడూ విప్పని కన్సోల్‌ని నిలబెట్టినా పడుకోబెట్టినా సోనీ లెక్కలో రెండూ సరే.

స్టెబిలైజరు కావాలా?

లో వోల్టేజీకి అక్కర్లేదు, 100 వోల్టుల దాకా అదే తట్టుకుంటుంది. భయపడాల్సింది ఎక్కువ వోల్టేజీకి. అపార్టుమెంటుకి త్రీఫేజ్ వస్తుంది. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే మీ ప్లగ్గులో 230కి బదులు 400 వోల్టుల దాకా రావచ్చు. మామూలు స్పైక్ గార్డు క్షణకాలపు కెరటాన్నే ఆపుతుంది, నిలకడగా వచ్చే హైవోల్టేజీని ఆపలేదు. వోల్టేజీ దాటితే కట్ చేసే ప్రొటెక్టరు మీటరు బోర్డు దగ్గర ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి. ఫ్రిజ్జూ టీవీ కూడా బతుకుతాయి.

ఉరుములప్పుడు స్విచ్ కట్టేస్తే చాలదా?

చాలదు. పిడుగు కరెంటు వైరులోంచే రావాలని లేదు. మేడ మీది డిష్ నుంచి సెట్‌టాప్ బాక్సుకి, అక్కడినుంచి టీవీకి, టీవీ నుంచి హెచ్‌డీఎంఐ గుండా కన్సోల్‌కి వస్తుంది. అలా దెబ్బతిన్న కన్సోల్ ఆన్ అవుతుంది గానీ బొమ్మ రాదు. హెచ్‌డీఎంఐ చిప్పు పోయి ఉంటుంది. ఈదురుగాలి మొదలవగానే ప్లగ్గు, హెచ్‌డీఎంఐ, లాన్ (ఇంటర్నెట్) కేబుల్ మూడూ పీకేయండి.

ఇన్వర్టరు మీద ఆడొచ్చా?

ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరయితే ఆడొచ్చు. పెద్ద గేము నడిచేటప్పుడు కన్సోల్ 200 వాట్ల చుట్టూ తీసుకుంటుంది, 43 అంగుళాల టీవీ ఇంకో 100 అనుకోండి. ఫ్యాను, లైట్లతో కలిపి 400 వాట్లు. 150 ఏహెచ్ బ్యాటరీ కాగితం మీద 1,800 వాట్-అవర్లు. నష్టాలు తీసేస్తే బాగున్న బ్యాటరీ రెండున్నర, మూడు గంటలు లాగుతుంది. ఇన్వర్టరు వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులో పెట్టండి, లేకపోతే కరెంటు పోయిన ఆ క్షణంలోనే కన్సోల్ ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరయితే జుయ్యిమని మోత వస్తుంది, వాడకండి.

కంప్యూటర్లకి పెట్టే 600 వీఏ యూపీఎస్ ఐదు, పది నిమిషాలు ఆపుతుంది. సేవ్ చేసి ఆఫ్ చేయడానికి చాలు, ఆటకి చాలదు.

కరెంటు బిల్లు అడుగుతారు కాబట్టి: రోజుకి మూడు గంటల చొప్పున నెలకి 18 యూనిట్లు, టీవీ కాకుండా.

తుఫాను హెచ్చరిక వస్తే?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. కిటికీ అద్దాలు పగిలి జల్లు హాల్లోకే వచ్చింది. వైర్లన్నీ పీకి, సిలికా జెల్‌తో ప్లాస్టిక్ సంచిలో చుట్టి, కిటికీ లేని గదిలో అల్మారా పై అరలో పెట్టండి. కరెంటు తిరిగొచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టకండి, మొదటి కొన్ని గంటలు వోల్టేజీ ఎగిరి పడుతుంది. తడిసిందన్న అనుమానం ఉంటే ఆన్ చేసి చూడొద్దు. తడి వల్ల కంటే, తడిలో కరెంటు ఇవ్వడం వల్ల పోయినవే ఎక్కువ.

ఆన్ అవుతోంది, టీవీలో బొమ్మ రావట్లేదు. ఏం చేయాలి?

ముందు లైటు చూడండి. తెల్లగా నిలబడితే కన్సోల్ బాగానే నడుస్తోంది, బొమ్మే టీవీదాకా చేరట్లేదు. టీవీలో వేరే పోర్టు, వేరే కేబుల్ ప్రయత్నించండి.

అప్పటికీ రాకపోతే సేఫ్ మోడ్, అంటే రిపేరు మెనూ మాత్రమే తెరిచే పద్ధతి. కన్సోల్ పూర్తిగా ఆఫ్ చేసి, పవర్ బటన్ నొక్కి పట్టుకోండి. వెంటనే ఒక బీప్, సుమారు 7 సెకన్లకి రెండో బీప్ వస్తుంది. అప్పుడు వదలండి. కంట్రోలర్‌ని కేబుల్‌తో కలిపి పీఎస్ బటన్ నొక్కండి, సేఫ్ మోడ్‌లో బ్లూటూత్ పనిచేయదు. మెనూలో రెండోది వీడియో అవుట్‌పుట్ మార్చే ఆప్షన్, దాన్లో రిజల్యూషన్ తగ్గించండి. కొత్త టీవీ నుంచి పాత టీవీకి మార్చినప్పుడు వచ్చే సమస్య దీంతో పోతుంది.

సేఫ్ మోడ్‌లో కూడా తెర నల్లగానే ఉంటే ఫోన్ టార్చి వేసి హెచ్‌డీఎంఐ పోర్టు లోపల చూడండి. సన్నటి నాలుక మీద 19 పిన్నులుంటాయి. ఏదైనా వంగిందా, లేచిందా? ఎవరో కేబుల్‌కి తట్టుకుని పడ్డప్పుడు ఇదే జరుగుతుంది. పిన్నులన్నీ సరిగ్గా ఉంటే పోర్టు వెనకున్న చిప్పు (ఐసీ) పోయినట్టు. రిపేరుకిచ్చేముందు ‘పోర్టు మారుస్తారా, ఐసీ మారుస్తారా?’ అని అడగండి. రెండిటికీ తేడా చెప్పలేని షాపులో ఇవ్వకండి. ఇది హాట్‌ ఎయిర్‌తో చేసే పని. వేడి ఎక్కువైతే బోర్డు మీది రాగి గీతలు లేచిపోతాయి, తర్వాత ఎవరూ బాగుచేయలేరు.

నీలం లైటు కొట్టుకుని ఆగిపోతోంది.

ఇది మంచి లక్షణం కాదు. వేరే పవర్ వైరు, స్పైక్ గార్డు లేకుండా నేరుగా గోడ ప్లగ్గు, అదనపు ఎస్ఎస్‌డీ పెట్టి ఉంటే తీసేయడం, ఈ మూడూ చూడండి. తగ్గకపోతే పవర్ సప్లై గానీ ప్రధాన చిప్పు గానీ. వారంటీ ఉంటే ఇంకెవరి చేతా విప్పించకండి.

కంట్రోలర్ స్టిక్కు దానంతట అదే పక్కకి పోతోంది.

దీన్నే డ్రిఫ్ట్ అంటారు. స్టిక్కు కింద కార్బన్ పట్టీ మీద చిన్న లోహపు వేలు రాసుకుంటూ తిరుగుతుంది. అరిగిన కొద్దీ మధ్యలో ఉన్నా పక్కకి ఉన్నట్టు చెబుతుంది. అరుగుదలకి మందు లేదు. కానీ మన దగ్గర కొన్ని కేసులు అరుగుదల కావు, చెమటా దుమ్మూను. కంట్రోలర్ ఆఫ్ చేసి, స్టిక్కుని గుండ్రంగా తిప్పుతూ చుట్టూ గాలి కొట్టండి. తర్వాత వెనక సోనీ అక్షరాల దగ్గరున్న సన్నటి రంధ్రంలో పిన్ను పెట్టి 5 సెకన్లు నొక్కి, కేబుల్‌తో మళ్లీ కలపండి.

తగ్గకపోతే స్టిక్కు మాడ్యూల్ మార్పించాలి. ఒక్కోదానికి 14 సోల్డరింగ్ కాళ్లు, చేయి తిరిగినవాడికి అరగంట పని. మళ్లీ కార్బన్‌ది వేయించడం దండగ. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ మాడ్యూల్ అడగండి, అందులో రాసుకునేదే ఉండదు. వేశాక సెంటర్ కాలిబ్రేషన్ (మధ్య స్థానం సరిచేయడం) చేశారా అని అడగండి. చేయకపోతే కొత్త మాడ్యూల్ కూడా పక్కకే పోతుంది, మళ్లీ డ్రిఫ్టే అనుకుంటారు.

స్టోరేజీ నిండిపోయింది.

రెండు దారులు. బయటి యూఎస్‌బీ హార్డ్‌డిస్కు చవక. పీఎస్4 గేములు దాన్నుంచే ఆడొచ్చు. పీఎస్5 గేములు దాచుకోవచ్చు గానీ ఆడాలంటే మళ్లీ లోపలికి తేవాలి. 250 జీబీకి తగ్గకూడదు, హబ్ ద్వారా కలపకూడదు.

అసలైన దారి ఎం.2 ఎస్ఎస్‌డీ, కన్సోల్ లోపల బిగించే సన్నటి పట్టీ. దాని కనెక్షను పీసీఐఈ జెన్ 4 (నాలుగో తరం) అయి ఉండాలి, జెన్ 3ది కన్సోల్ ఒప్పుకోదు. సెకనుకి 5,500 ఎంబీ చదివే వేగం చూసుకోండి. హీట్‌సింక్ తప్పనిసరి, దానితో కలిపి మొత్తం మందం 11.25 మిల్లీమీటర్లు దాటకూడదు. కంప్యూటర్ షాపువాళ్లు ఇచ్చే పొడవాటి రెక్కల హీట్‌సింక్ ఇక్కడే తన్నుతుంది. సాధారణంగా దొరికేది 2280 సైజు, అంటే 80 మిల్లీమీటర్ల పొడవు.

బిగించడానికి చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి చాలు. ప్లేటు తీసి, పొడవాటి లోహపు మూతకున్న ఒక్క స్క్రూ విప్పండి. లోపల ఇంకో స్క్రూ, దాని కింద చిన్న ఉంగరం ఉంటాయి. ఆ ఉంగరాన్ని 80 అని రాసిన గుంటలోకి మార్చండి. మర్చిపోయేది ఇదే. మర్చిపోతే ఎస్ఎస్‌డీ వంగి కూర్చుంటుంది. ఎస్ఎస్‌డీని ఏటవాలుగా దూర్చి, కిందకి నొక్కి స్క్రూ బిగించండి. మూత పెట్టి ఆన్ చేస్తే ఫార్మాట్ చేయమంటుంది, చేశాక వేగం ఎంతో చూపిస్తుంది.

గేము దిగడానికి ఎంతసేపు పడుతుంది?

100 జీబీ గేము 100 ఎంబీపీఎస్ మీద రెండుంపావు గంటలు. 15 ఎంబీపీఎస్ ప్లాను మీద దాదాపు 15 గంటలు, రాత్రి పెట్టి పడుకోవాల్సిందే. రెస్ట్ మోడ్‌లో కూడా దిగుతుంది. సెట్టింగుల్లో ‘ఇంటర్నెట్‌కి కనెక్ట్ అయి ఉండు’ అన్నది ఆన్ చేసి ఉండాలి. వైఫై కంటే లాన్ కేబుల్ ఎప్పుడూ మేలు. రూటరు వేరే గదిలో ఉండి మధ్యలో గోడలుంటే మరీను.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లు కలవట్లేదు.

కలవవు. ఆడియోకి బ్లూటూత్ ఇవ్వలేదు. ఫోన్‌కి వాడే 3.5 ఎంఎం వైరు ఇయర్‌ఫోన్ కంట్రోలర్ కింద గుచ్చండి, మైకు కూడా పనిచేస్తుంది. లేదా సొంత యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చే హెడ్‌సెట్ కొనండి.

పీఎస్ ప్లస్ చందా తప్పనిసరా?

డబ్బులిచ్చి కొన్న గేముని ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడాలంటే కావాలి. ఉచితంగా దొరికే ఆన్‌లైన్ గేములకి అక్కర్లేదు. ఒంటరిగా ఆడుకోవడానికీ అక్కర్లేదు. మన దేశంలో ఎసెన్షియల్, ఎక్స్‌ట్రా, డీలక్స్ అని మూడు రకాలున్నాయి. నెలకో గేము పూర్తిచేసేవాళ్లకి, చందాలోనే బోలెడు గేములు ఇచ్చే ఎక్స్‌ట్రా గిట్టుతుంది, శనాదివారాలు మాత్రమే ఆడేవాళ్లకి ఎసెన్షియల్ కూడా ఎక్కువే.

పిల్లలు ఎంతసేపు ఆడుతున్నారో చూసుకోవచ్చా? కార్డులో డబ్బు పోకుండా?

మీ పేరుతో అకౌంటు తెరిచి, దాని కింద ఫ్యామిలీ మేనేజ్‌మెంట్‌లో పిల్లాడి అకౌంటు చేయండి. ఏ రోజు ఎన్ని గంటలు, ఏ వయసు గేములు అన్నీ అక్కడే. ఖర్చు పరిమితి మీరు పెంచితే తప్ప సున్నాయే. మీ అకౌంటులోకి ఎక్కడానికి పాస్‌కోడ్ పెట్టండి. ఇంతా చేసి చాలామంది ఒక్కటి వదిలేస్తారు: కన్సోల్ పరిమితుల్లో కొత్త యూజరునీ గెస్టునీ అనుమతించకూడదని పెట్టాలి. లేకపోతే మీవాడు రెండు నిమిషాల్లో ఇంకో యూజరు చేసుకుని కూర్చుంటాడు.

జైల్‌బ్రేక్ చేయించుకోవచ్చా?

అంటే సోనీ తాళం తీసి దొంగ గేములు ఆడించడం. వద్దు, అకౌంటూ కన్సోలూ రెండూ బ్యాన్ అవ్వొచ్చు. పీఎస్2లో దొంగ చిప్పు వేయించి ఆడిన కాలం కాదిది.

సెకండ్ హ్యాండ్‌ది కొంటున్నాను. ఏం చూడాలి?

అమ్మేవాళ్ల ఇంట్లో, టీవీకి కలిపి చూడండి. జంక్షన్‌లో నిలబడి కన్సోల్ చేతులు మార్చుకోవద్దు. ఇంటర్నెట్‌కి కలిపి మీ అకౌంటుతో లాగిన్ అవ్వండి, బ్యాన్ అయిన కన్సోల్ అక్కడే దొరికిపోతుంది. అడుగున ఉన్న సీరియల్ నంబరు, డబ్బా మీద ఉన్నది, బిల్లులో ఉన్నది ఒకటేనా? డిస్కు పెట్టండి, తీయండి, మళ్లీ పెట్టండి.

ముందే ఇన్‌స్టాల్ అయి వచ్చే ఆస్ట్రోస్ ప్లేరూమ్ అనే గేము కంట్రోలర్ పరీక్షకి బంగారం లాంటిది. ట్రిగ్గర్ల బిగువు, కంపనం, మైకు అన్నీ పది నిమిషాల్లో తెలిసిపోతాయి. తర్వాత ఏదైనా బరువైన గేము అరగంట నడిపించండి. వేడెక్కిందన్న హెచ్చరిక గానీ, ఉన్నట్టుండి ఆగిపోవడం గానీ ఉంటే లేచి వచ్చేయండి.

మన ఊరికి ప్రత్యేకం ఒకటుంది. వాళ్లు ఒప్పుకుంటే ఒక ప్లేటు తీసి టార్చి వేసి లోపలి లోహపు రేకూ, స్క్రూ తలలూ చూడండి. స్క్రూలకి తుప్పు, యూఎస్‌బీ అంచున ఆకుపచ్చ మరక ఉంటే ధర ఎంత తగ్గించినా వద్దు. స్క్రూ తలలు చెరిగిపోయి ఉంటే ఎవరో విప్పినట్టు. అప్పుడు ద్రవ లోహం ఏమైందని అడగండి, జవాబు ఎలా చెబుతారో చూడండి.

అమ్మేటప్పుడు నేనేం చేయాలి?

ముందు సేవ్ డేటా దాచుకోండి. పీఎస్4 గేములది పెన్‌డ్రైవుకి కాపీ అవుతుంది, పీఎస్5 గేములది అలా పోదు, పీఎస్ ప్లస్ ఉంటే క్లౌడుకి ఎక్కించుకోండి. కన్సోల్ షేరింగ్ డిజేబుల్ చేయండి, లేకపోతే మీ అకౌంటుకి సొంత కన్సోల్‌గా అదే నమోదై ఉండిపోతుంది. తర్వాత సెట్టింగుల్లో సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌కి వెళ్లి రీసెట్ చేయండి. అదనపు ఎస్ఎస్‌డీ పెట్టి ఉంటే విప్పి దాచుకోండి, ఆ లోహపు మూతా స్క్రూ మాత్రం తిరిగి బిగించి ఇవ్వండి.